బెంగళూరు మీడియేషన్ గదుల్లో తెలుగు కావాలి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పత్రికల్లో ఆర్బిట్రేషన్‌నూ మధ్యవర్తిత్వమనే రాస్తారు, మీడియేషన్‌నూ మధ్యవర్తిత్వమనే రాస్తారు. 2021 డిసెంబరులో హైదరాబాద్‌లో మొదలైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం పేరులో ఆ రెండూ విడివిడిగానే ఉన్నాయి. తెలుగులో చెప్పేసరికి తరచూ ఒక్క మాటలో కలిసిపోతాయి. చదివేవాళ్లకు ఇది చిన్న సంగతే. బెంగళూరు సివిల్ కోర్టు ఆర్డరు చేతపట్టుకొని మీడియేషన్‌కు వచ్చే తెలుగు కుటుంబానికి మాత్రం చిక్కు అక్కడే మొదలవుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ఇద్దరి మాటా విని ఏదో ఒకటి తేల్చేస్తాడనుకొని వస్తారు. అలా తేల్చేవాడు ఆర్బిట్రేటర్. ఆయన అవార్డు, అంటే తన నిర్ణయం, ఇస్తే కట్టుబడి ఉండాలి. మీడియేటర్‌కు ఏదీ తేల్చే అధికారం లేదు. ఇరుపక్షాలూ వాళ్లంతట వాళ్లు ఒక ఒప్పందానికి వచ్చేలా మాటలు నడిపించడమే ఆయన పని.

పైగా మనకు పెద్దమనుషుల పంచాయితీ అలవాటు. అరగంట కాగానే "మీరు పెద్దవారు సార్, మీరే ఒక మాట చెప్పండి, కాదనం" అంటారు. కొత్తగా వచ్చిన మీడియేటర్ జారిపడేది ఈ మాట దగ్గరే. ఆయన నోటి నుంచి ఒక అంకె వచ్చిందంటే, ఆ అంకె నచ్చనివాళ్లకు ఆ క్షణం నుంచే ఆయన ఎదుటిపక్షం మనిషి. "మీ లెక్కలో ఎంత న్యాయమనిపిస్తోంది, ఎందుకు?" అని తిరిగి అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. ఆ ఆగడం నేర్చుకోవడానికే చాలామందికి ఏళ్లు పడుతుంది.

మాటల తికమక చట్టంలో కూడా జరిగింది. కోర్టు బయట పరిష్కారానికి దారి చూపే సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ 2002 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో మీడియేషన్‌కు రాయాల్సిన వివరణ జ్యుడీషియల్ సెటిల్‌మెంట్ (జడ్జి సాయంతో కుదిరే రాజీ) దగ్గర, దానిది దీని దగ్గర పడ్డాయని 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించి సరిచేసి చదవమంది. ఏ తరహా కేసులు మీడియేషన్‌కు పనికొస్తాయో, ఏవి రావో కూడా ఆ తీర్పే వివరంగా చెప్పింది. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు మొదట చదవాల్సింది అదే. ఇంకో సంగతి మన పాఠకులకు తెలియాలి. సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో ఈ సెక్షన్‌కు నమూనా నిబంధనలు తయారుచేసిన కమిటీకి అధ్యక్షులు తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాధరావు. ఆ పునాది మీదే 2005 నుంచి మద్రాసు హైకోర్టులో దేశంలో మొదటి కోర్టు మీడియేషన్ కేంద్రం, 2007 జనవరి నుంచి బెంగళూరు కేంద్రం నడుస్తున్నాయి. బెంగళూరు కేంద్రం హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగులలో ఉంది. కుటుంబ న్యాయస్థానానికి వచ్చే తెలుగువాళ్లకు ఆ భవనం పరిచయమే.

పత్రికల విద్యా పేజీల్లో లా చదివినవాళ్లకు జడ్జి పరీక్షలు, ప్రాసిక్యూటర్ పోస్టులు, కంపెనీల్లో లీగల్ ఉద్యోగాలు కనిపిస్తాయి. మీడియేటర్ అన్న మాట అరుదు. దీన్ని ఉద్యోగం అనుకొని వస్తే నిరాశ తప్పదు కాబట్టి ముందే చెప్పాలి: కోర్టుకు అనుబంధంగా పనిచేసే మీడియేటర్‌కు నెల జీతం ఉండదు. కేంద్రం ప్యానెల్‌లో పేరుంటుంది, కేటాయించిన రోజుల్లో వెళ్లి కూర్చుంటారు, కేసుల లెక్కన గౌరవ వేతనం వస్తుంది. దాని మీదే ఇల్లు నడవదు. ప్రాక్టీసు చేసుకుంటూ పెంచుకోవాల్సిన పని ఇది.

అర్హత విషయానికొస్తే, నమూనా నిబంధనలు న్యాయవాదులకు కనీసం 15 ఏళ్ల ప్రాక్టీసు అడిగాయి. రిటైరైన జడ్జీలు, అంతే అనుభవమున్న ఇతర నిపుణులు కూడా రావచ్చు. ఆ మీద ఏ హైకోర్టు నిబంధనలు దానివి. శిక్షణ 40 గంటలు. ఆ తర్వాత 10 అసలైన మీడియేషన్లు చేస్తేనే పూర్తి శిక్షణ పొందినట్టని సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పెట్టుకున్న లెక్క. ఆ 40 గంటల్లో ఉత్తుత్తి కేసులతో కూర్చోబెట్టి చేయిస్తారు కూడా. క్లాసులు విని వెళ్లిపోదామనుకునేవాళ్లు అక్కడే ఇబ్బంది పడతారు.

మరి పాతికేళ్ల లాయరు ఆ 15 ఏళ్లూ ఏం చేయాలి? మీడియేషన్‌లో కక్షిదారు పక్కన కూర్చునే లాయరు పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. అది ప్రత్యేకమైన పని. కోర్టులో వాదించినట్టు అక్కడ వాదిస్తే పది నిమిషాల్లో గది చెడిపోతుంది. రాకముందే కక్షిదారుతో ఒక కాగితం మీద నాలుగు లెక్కలు రాయించాలి: రాజీ కుదరకపోతే కేసు ఇంకెన్నేళ్లు నడవచ్చు, అప్పీళ్లతో కలిపి ఖర్చెంత, గెలిస్తే చేతికి ఏమొస్తుంది, ఓడితే ఏం పోతుంది. ఈ కాగితం లేకుండా వచ్చినవాళ్లు పంతం మీద మాట్లాడతారు. ఆ కాగితం ఉన్నవాళ్లు అంకెల మీద మాట్లాడతారు. 2023 మీడియేషన్ చట్టంలో కొన్ని సెక్షన్లు ఆ ఏడాది అక్టోబరు 9 నుంచే అమల్లోకి వచ్చాయి. మీడియేటర్‌ను ఎంచుకునే స్వేచ్ఛను ఆ చట్టం ఇరుపక్షాలకే వదిలింది, ఆ సెక్షన్ మాత్రం అప్పుడు అమల్లోకి రాలేదు. ఏదేమైనా కోర్టు ప్యానెల్ బయట ప్రైవేటు మీడియేషన్ చేసేవాళ్లు లాయర్లే కానక్కరలేదు. ఫ్యామిలీ కౌన్సెలర్లు, ఆడిటర్లు, ఇంజినీర్లకూ చోటుంది.

వ్యాపార తగాదాల్లో పని ఇప్పటికే చాలా ఉంది. 3 లక్షలకు తగ్గని విలువున్న వాణిజ్య దావా వేయాలంటే, అత్యవసర ఉత్తర్వులు అడగని పక్షంలో, ముందు మీడియేషన్‌కు వెళ్లి తీరాలి. ఇది తప్పనిసరి అని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జిల్లా లేదా రాష్ట్ర న్యాయసేవా సంస్థకు 1,000 రూపాయలు కట్టి దరఖాస్తు ఇస్తారు, వాళ్లు ఎదుటిపక్షానికి నోటీసు పంపుతారు. 2018 నిబంధనల ప్రకారం 10 లక్షల లోపు తగాదాకు మీడియేషన్ ఫీజు 15,000. 50 లక్షల దాకా 30,000, కోటి దాకా 40,000, 3 కోట్ల దాకా 50,000, ఆ పైన 75,000. ఇరుపక్షాలూ చెరిసగం కట్టాలి. గడువు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. చిక్‌పేటలో బట్టల సరుకు అరువు మీద నడిపే మనవాళ్లకు ఇది తెలియక, నేరుగా దావా వేసి, అది తిరస్కరణకు గురై, మళ్లీ మొదటికొస్తారు.

ఇక భాష. బెంగళూరులో కోర్టు కాగితాలు కన్నడంలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఉండాలి కూడా. కానీ మీడియేషన్ గదిలో జరిగేదంతా మాటే. కృష్ణరాజపురం, వైట్‌ఫీల్డ్, యలహంక వైపు నుంచి వచ్చే అన్నదమ్ములు, ఐటీ కొలువుల్లో ఉన్న భార్యాభర్తలు మామూలుగా కన్నడమో ఇంగ్లీషో మాట్లాడినా, గుండెలోది చెప్పాల్సి వచ్చేసరికి తెలుగులోకి దిగుతారు. "ఆడపిల్లకు పెట్టుపోతలు చేశాం కదా" అని అన్న అన్నప్పుడు చెల్లెలి ముఖం ఎందుకు మారిందో తెలుగు ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. ఆ మాటలో నువ్వు వాటా అడగడం తప్పన్న అర్థం ఉంది. దాన్ని అనువదించి "పెళ్లిలో ఇచ్చాం" అని కన్నడ మీడియేటర్ చెవిన వేస్తే మాట చేరుతుంది, దెబ్బ చేరదు. హిందూ కుటుంబాల్లో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతోనే వచ్చింది. కర్ణాటకలో 1994లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా మన ఇళ్లలో ఆ మాట ఇంకా అలాగే నడుస్తోంది.

తెలుగు వచ్చినంత మాత్రాన సరిపోదు. తెలుగులో మీడియేషన్ చేయడంలో కొన్ని ప్రమాదాలు ఉన్నాయి. మన భాషలో "నువ్వు", "మీరు" ఉన్నాయి. అన్నను "మీరు" అని, తమ్ముడిని చనువుగా "నువ్వు" అని పిలిస్తే, తమ్ముడికి తన వాటా సగం అప్పుడే పోయినట్టనిపిస్తుంది. ఇరవై నాలుగేళ్ల కోడలినీ అరవై ఏళ్ల మామగారినీ ఆ గదిలో ఒకే "మీరు"తో పిలవాలి. "అమ్మా", "బాబూ" అనాలనిపిస్తే ఇద్దర్నీ అనాలి, లేకపోతే ఎవర్నీ అనకూడదు. ఊరు, ఇంటిపేరు అడిగి చుట్టరికం కలిపే అలవాటును గుమ్మం బయటే వదిలేయాలి. మొదటిసారి మాట్లాడేటప్పుడు దావా వేసినవాళ్లకు ఇరవై నిమిషాలు ఇస్తే ఎదుటివాళ్లకూ ఇరవై నిమిషాలే. మధ్యలో ఎవరూ అడ్డురాకూడదు. అడ్డొస్తే "మీ వంతులో చెప్పండి, అది ఇక్కడ రాసి పెట్టుకోండి" అని ముందు పెట్టిన కాగితం, పెన్ను చూపించాలి. ఆ చిన్న కాగితం చాలా కేకల్ని ఆపుతుంది.

తిట్టును తిరగరాసి చెప్పడం ఈ పనిలో అసలైన నేర్పు. "వీడు నన్ను నిలువునా ముంచాడు" అని ఒకరు అన్నారనుకోండి. "ఉమ్మడి షాపు లెక్కలు 2019 తర్వాత మీకు చూపించలేదు, మీకు కావాల్సింది ఆ లెక్కలు. అంతేనా?" అని అడగాలి. ఆయన "అంతే" అంటే తగాదా పరువు మీద నుంచి పుస్తకాల మీదకు దిగుతుంది. పుస్తకాలైతే తెప్పించవచ్చు. తర్వాత ఒక్కొక్క పక్షంతో విడిగా కూర్చున్నప్పుడు చెప్పింది, వాళ్ల అనుమతి లేకుండా రెండో పక్షానికి చేరకూడదు. కుదరకపోతే కోర్టుకు వెళ్లే రిపోర్టులో "మీడియేషన్ విఫలమైంది" అన్న ఒక్క వాక్యమే ఉండాలి. ఎవరు ఎంత ఇస్తామన్నారో రాయకూడదని మోతీరామ్ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీడియేటర్ పొరపాటున ఒక అంకె రాసినా, రేపు ఆ కోర్టుకు వచ్చేవాళ్లెవరూ ఆ గదిలో నోరు విప్పరు.

మా అనుభవంలో రాజీలు ఎక్కువగా చెడిపోయేది మాటల దగ్గర కాదు, చివర రాసే ఒప్పంద పత్రంలో. అప్పటికి సాయంత్రమవుతుంది, అందరూ అలిసిపోతారు, టైపిస్టు తొందరపడతాడు. సరిగ్గా అప్పుడే తెలుగు, కన్నడ లెక్కలు కలిసి కొంప ముంచుతాయి.

భూమి తీసుకోండి. బెంగళూరులో వేసిన వాటా దావాలో హిందూపురం దగ్గరి పొలం ఉందనుకుందాం. ఒప్పందంలో "సర్వే నంబరు ఫలానాలో 2-20" అని రాశారు. ఆంధ్రలో అది రెండెకరాల ఇరవై సెంట్లు. కర్ణాటక అలవాటులో రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరాకు సెంట్లు 100, గుంటలు 40. తేడా 30 సెంట్లు, 13 వేల చదరపు అడుగులు దాటుతుంది. బెంగళూరు లెక్కలో 30 బై 40 సైట్లు పదికి పైనే. ఇంటి జాగాల్లో అంకణాలు వస్తే మరీ జాగ్రత్త పడాలి. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు. అదే మాటకు ఇంకోచోట ఇంకో లెక్క ఉంటుంది. అందుకే విస్తీర్ణాన్ని సెంట్లలో రాసి పక్కనే చదరపు అడుగుల్లోనూ, అక్షరాల్లోనూ రాయాలి. సర్వే నంబరు, సబ్ డివిజన్, నాలుగు హద్దులు పాసుపుస్తకం చూసి ఎక్కించాలి, ఎవరి జ్ఞాపకం మీదా ఎక్కించకూడదు.

ఇంకో పెద్ద తప్పు రిజిస్ట్రేషన్ దగ్గర జరుగుతుంది. దావా షెడ్యూల్లో (దావాలో చూపిన ఆస్తుల జాబితాలో) ఉన్న ఆస్తి మీద రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కరలేదు. కానీ మాటల్లో మంచితనం పెరిగి, షెడ్యూల్లో లేని ఊరి ఇల్లు కూడా చెల్లెలికి ఇచ్చేస్తామంటారు. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ భాగానికి రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ ఇల్లున్న చోటి సబ్ రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లాలి, ఆ రాష్ట్రం స్టాంపు లెక్క కట్టాలి. ఆ సంగతి, ఆ ఖర్చు ఎవరిదో, ఎన్ని రోజుల్లో పూర్తి చేయాలో రాయకపోతే చెల్లెలి చేతిలో కాగితం మిగులుతుంది, ఇల్లు మిగలదు. మైనరు పిల్లలు వాటాదారులైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డరు 7వ రూలు కింద కోర్టు అనుమతి విడిగా తీసుకొని రికార్డు చేయించాలి. లేదంటే ఆ పిల్లవాడు పెద్దయ్యాక వచ్చి రాజీ చెల్లదనవచ్చు.

విడాకుల ఒప్పందాల్లో బంగారం ఇలాగే తగులుతుంది. రాయలసీమ నుంచి, మద్రాసు నుంచి వచ్చినవాళ్లు సవర్లలో మాట్లాడతారు. సవర 8 గ్రాములు. హైదరాబాద్ వైపు వాళ్లు తులాల్లో చెబుతారు, వాళ్ల తులం ఇప్పుడు 10 గ్రాములు. రెండు వైపులా "నలభై" అని తల ఊపుతారు, తీరా చూస్తే 320 గ్రాములో 400 గ్రాములో తేలదు. గ్రాముల్లోనే, నగ పేరుతో సహా రాయాలి. పిల్లల్ని చూసే రోజులు రాసేటప్పుడు "ప్రతి రెండో శనివారం" అన్న మాట అసలు వాడకూడదు. నెలలో రెండో శనివారమని ఒకరు, వారం విడిచి వారమని ఇంకొకరు పట్టుకుంటారు. మొదటి, మూడో శనివారాలు, ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా, ఎవరు తీసుకెళ్లి ఎవరు దింపాలి, పిల్లకు జ్వరమొస్తే బదులు ఏ రోజు అన్నంత వరకూ రాయాలి.

డబ్బు విడతలు మరో చిక్కు. పరస్పర అంగీకార విడాకుల్లో మొదటి పిటిషన్‌కూ రెండో దశకూ మధ్య ఆరు నెలలు. 2017 అమర్‌దీప్ సింగ్ తీర్పు ప్రకారం తగిన కేసుల్లో కోర్టు దాన్ని మినహాయించవచ్చు, అడగ్గానే వచ్చేది మాత్రం కాదు. మొదటి రోజే మొత్తానికి డీడీ తీసి లాయరు దగ్గర పెడతామంటారు. డీడీ చెల్లుబాటు మూడు నెలలే. రెండో దశకు చేతికిచ్చేసరికి అది కాలం తీరి ఉంటుంది, మళ్లీ గొడవ. రెండో విడత డీడీని ఆ తేదీకి ముందు వారంలో తీయాలని, నకలు ముందుగా చూపాలని రాస్తే సరిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తీసే వాక్యం "ఒకరి మీద ఒకరు పెట్టుకున్న కేసులన్నీ వెనక్కి తీసుకుంటాం" అన్నది. ఏ కేసు, ఏ కోర్టు, నంబరెంత? విడాకుల కేసు బెంగళూరులో ఉన్నా వేధింపుల కేసు గుంటూరు స్టేషన్లో పెట్టి ఉంటే, దాన్ని కొట్టేయడానికి కర్ణాటక హైకోర్టుకు వీల్లేదు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకే వెళ్లాలి. పిటిషన్ ఎవరు వేస్తారు, కేసు కొట్టేస్తే అభ్యంతరం లేదని భార్య అఫిడవిట్ ఏ రోజుకు ఇస్తుంది, చివరి విడత డబ్బు ఏ దశలో చేతులు మారుతుంది అనేవి వరుసగా రాయాలి. డబ్బంతా ముందే ఇస్తే అఫిడవిట్ రాదేమోనని భర్తకు భయం, అఫిడవిట్ ముందే ఇస్తే డబ్బు రాదేమోనని భార్యకు భయం. రెండు భయాలూ న్యాయమైనవే కాబట్టి చివరి విడతను హైకోర్టులో ఆ పిటిషన్ విచారణకు వచ్చే రోజుకు ముడిపెట్టడం మేలు. దాంపత్య కేసుల్ని మొదట్లోనే మీడియేషన్‌కు పంపాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన కె. శ్రీనివాసరావు, డి.ఎ. దీప కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిందే. అందులో కోర్టు అన్న "మొదట్లోనే" అన్న మాట ముఖ్యం. నాలుగు కేసులు పడ్డాక వచ్చేవాళ్లతో ఒప్పందం నాలుగు ఊళ్ల మధ్య తిరుగుతుంది.

పత్రం పూర్తయ్యాక తెలుగులో గట్టిగా చదివి వినిపించాలి. ఇంగ్లీషు బాగా వచ్చిన ఇంజినీరుకైనా ఇది అవసరమే. చదువుతుంటేనే "అది కాదండీ మేమనుకున్నది" అన్న మాట బయటకొస్తుంది. అది సంతకం ముందు రావాలి. సంతకాల పైన, చదివి వినిపించగా విని అర్థం చేసుకొన్నామని ఒక వాక్యం వాళ్ల భాషలో, వాళ్ల చేతిరాతతోనే రాయించాలి.

ఈ పని చేయడానికి బెంగళూరులో తెలుగు తెలిసిన న్యాయవాదులకు కొదవలేదు. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చి, గుంటలూ సెంట్లూ రెండూ తెలిసినవాళ్లు హోసూరు రోడ్డు నుంచి చిక్కబళ్లాపుర దాకా ఉన్నారు. వాళ్లు శిక్షణకు దరఖాస్తు పెట్టుకోవాలి. తెలుగులో కూర్చోగలమని కేంద్రానికి రాతపూర్వకంగా చెప్పాలి. కక్షిదారులు కూడా మొదటి వాయిదాలోనే తెలుగు వచ్చిన మీడియేటర్ కావాలని అడగవచ్చు. అడిగితే తప్పు లేదు.

పత్రికకు మా విన్నపం రెండు మాటల్లో: విద్యా పేజీలో ఈ వృత్తికి ఒకరోజు చోటివ్వండి. ఇకమీదట ఆర్బిట్రేషన్ అయితే ఆర్బిట్రేషన్ అని, మీడియేషన్ అయితే మీడియేషన్ అని తెలుగు లిపిలోనే రాయండి. కోర్టు ఆర్డరు పట్టుకొని వచ్చే మనిషికి తాను ఏ గదిలోకి వెళ్తున్నాడో ముందే తెలుస్తుంది.

ఇట్లు,
కోర్టు మీడియేషన్‌లో పనిచేస్తున్న కొందరు తెలుగు న్యాయవాదులు,
బెంగళూరు